నోరు విప్పి ఆలోచించండి

కిందటేడు వానాకాలంలో ఒక కుర్రాణ్ణి ఇంటర్వ్యూ చేశాను. పల్నాడు వైపు నుంచి వచ్చి, హైదరాబాద్ ఎస్.ఆర్. నగర్‌లో హాస్టల్లో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం తయారవుతున్నవాడు. వీడియో కాల్లో అటు అతను, ఇటు నేను, మధ్యలో ఇద్దరికీ కనిపించే కోడ్ ఎడిటర్. సమయం నలభై అయిదు నిమిషాలు. ప్రశ్న ఇచ్చాను. "ఓకే సార్" అన్నాడు. ఆ తర్వాత అరగంట సేపు అతని నోట మాట లేదు. నాలుగు వరసలు టైపు చేస్తాడు, చెరిపేస్తాడు. మళ్లీ రాస్తాడు, మళ్లీ చెరుపుతాడు. మధ్యలో నేను రెండుసార్లు పలకరించాను. "చేస్తున్నాను సార్" అన్నాడు.

టైమైపోయాక, ఇద్దరం తెలుగువాళ్లమే కదా అని తెలుగులో అడిగాను. "ఇంతసేపూ ఏం ఆలోచించావు బాబూ?"

"మూడు దారులు అనుకున్నాను సార్. మొదటిది టైమ్ లిమిట్ దాటిపోతుంది. రెండోదానికి లిస్టు ముందే వరసలో ఉండాలి, ఇక్కడ లేదు. మూడోది కరెక్టే అనిపించింది, రాస్తుండగా టైమైపోయింది."

"ఆ మాటలు అప్పుడే చెప్పాల్సింది కదా?"

"తప్పు చెబితే మార్కులు తీసేస్తారేమో అనుకున్నాను సార్."

అతను చెప్పిన మూడు మాటలూ సరైనవే. అవి ఇంటర్వ్యూ నడుస్తుండగా చెప్పి ఉంటే, కోడ్ పూర్తికాకపోయినా నా నివేదికలో రాయడానికి నాకు చాలా ఉండేది. నిశ్శబ్దం గురించి ఏం రాయను? ఎదుటివాడి తలలో ఏం జరుగుతోందో చూసే కిటికీ నాకు లేదు. ఆ కుర్రాడు ఆ రోజు నెగ్గలేదు. పదిహేనేళ్లుగా ఈ బల్లకు అటువైపు కూర్చుంటున్నాను. మన పిల్లల్లో లెక్క రాక పోయినవాళ్ల కన్నా, లెక్క వచ్చి నోరు విప్పక పోయినవాళ్లే నాకు ఎక్కువ గుర్తున్నారు. అందుకే ఈ ప్రసంగం.

ఈ మౌనం వాళ్ల తప్పు కాదు. ఇంటర్మీడియట్ నుంచీ మనం వాళ్లకు నేర్పిందే. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపట్టు, గడిలో చుక్క పెట్టు, పక్కవాడితో మాట్లాడకు. స్టడీ అవర్‌లో నోరెత్తితే వార్డెన్ వస్తాడు. క్లాసులో ప్రశ్న అడిగితే 'ఇది కూడా తెలీదా' అంటారు. ఇంజినీరింగ్‌లో పరీక్ష ముందు రోజు రాత్రి 'ఇంపార్టెంట్ క్వశ్చన్స్' చదివి గట్టెక్కడం అలవాటు. ఇలా ఆరేడేళ్లు పెరిగినవాణ్ణి తీసుకొచ్చి, ఒక తెలియని మనిషి ముందు కూర్చోబెట్టి, 'నీ ఆలోచన వినిపించు' అంటే ఎలా వస్తుంది?

దీనికి తోడు మరొకటి. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో కట్టలు కట్టలుగా ఇంటర్వ్యూ ప్రశ్నలు, జవాబులు దొరికేవి. జావాలో ఇంటర్‌ఫేస్‌కీ అబ్‌స్ట్రాక్ట్ క్లాస్‌కీ తేడా ఏమిటి, ఇలాంటివి. వాటిని తక్కువ చేసి మాట్లాడను. ఆ జిరాక్స్ కాయితాల మీద ఎన్ని కుటుంబాలు ఒడ్డెక్కాయో నాకు తెలుసు. అప్పట్లో అడిగేది అదే, చదివేది అదే. కానీ సొంతంగా ఉత్పత్తులు తయారుచేసే కంపెనీలు మన ఊరికి వచ్చాయి. మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం 1998లో, గూగుల్ కార్యాలయం 2004లో హైదరాబాద్‌లో మొదలయ్యాయి. వాటితోపాటే వేరే రకం ఇంటర్వ్యూ వచ్చింది. తేడా ఏమిటని అడగరు. ఒక లెక్క ఇచ్చి, తమ కళ్లముందు చెయ్యమంటారు. ప్రశ్న మారింది గాని మన తయారీ మారలేదు. జిరాక్స్ కాయితం పోయి, కోడింగ్ లెక్కలు సాధన చేయించే లీట్‌కోడ్ వెబ్‌సైట్ వచ్చింది, అంతే. ఆరు వందల లెక్కలు చూశానంటాడు కుర్రాడు. చూడటం వేరు, చెయ్యడం వేరు, చేస్తూ చెప్పడం మరీ వేరు.

ఆ చెప్పడమంటే ఏమిటో ఒక లెక్కతో చూపిస్తాను. లీట్‌కోడ్‌లో నంబర్ ఒకటిగా ఉండే 'టూ సమ్' లెక్కే ఇది. మన ఇంటి భాషలోకి తెచ్చుకుందాం.

పెళ్లిలో చదివింపుల పుస్తకం ఉంటుంది. ఒక్కో వరసలో ఒక పేరు, ఒక మొత్తం. 116, 2,116, 516, 5,116, 1,116, ఇలా ఎవరు ముందొస్తే వాళ్లది ముందు. పెళ్లి పెద్ద వచ్చి అడిగాడు: "కలిపితే సరిగ్గా 1,632 అయ్యే రెండు చదివింపులు ఏవో చూసి చెప్పు."

వెంటనే కోడ్ రాయడం మొదలుపెట్టొద్దు. ముందు అడగాలి. ఆ లెక్కకు జవాబు కచ్చితంగా ఉంటుందా, ఒక్కోసారి ఉండకపోవచ్చా? ఒకటికి మించి జతలుంటే అన్నీ కావాలా, ఒకటి చాలా? ఒకే మొత్తం ఇద్దరు చదివించి ఉండొచ్చా? పుస్తకంలో 516 ఒక్కటే ఉండి, మీరు 1,032 అడిగితే, ఆ ఒక్కదాన్నే రెండుసార్లు వాడుకోవచ్చా? ఇవి అనుమానాలు కావు, పని మొదలుపెట్టే ముందు మేస్త్రి కొలతలు తీసుకోవడం లాంటివి. ప్రశ్నలో చాలాసార్లు మేం కావాలనే కొంత చెప్పకుండా వదిలేస్తాం. అడుగుతారా లేదా అని చూడటానికే.

తర్వాత, తోచిన మోటు పద్ధతి చెప్పాలి. సిగ్గుపడక్కర్లేదు. "మొదటి వరసను మిగతా అన్నిటితో కలిపి చూస్తాను, తర్వాత రెండో వరసను, ఇలా అన్నీ." ఇది సరైన జవాబే, కాకపోతే నెమ్మది. ఎంత నెమ్మదో లెక్కగట్టి చెప్పాలి. వరసలు లక్ష ఉన్నాయనుకుందాం. జతలు దాదాపు 500 కోట్లు. కంప్యూటర్ చిన్న చిన్న పనులు సెకనుకు పది కోట్లు చేస్తుందని పిల్లలు ఒక మోటు లెక్క పెట్టుకుంటారు. ఆ లెక్కన యాభై సెకన్లు. పెళ్లి పెద్ద ఆగడు.

ఇప్పుడు గట్టిగా ఆలోచించాలి. బయటికే. "నేను 1,116 చూస్తున్నప్పుడు నాకు కావలసిన జోడీ ఏది? 1,632లోంచి 1,116 తీసేస్తే 516. అంటే నేను వెతకాల్సింది ఏదో నాకు ముందే తెలుసు. అది ఇంతకుముందు వచ్చిందా లేదా అన్నదొక్కటే తెలియాలి." గుడి ముందు చెప్పుల స్టాండు గుర్తు తెచ్చుకోండి. టోకెను ఇస్తే అతను వందల జతలూ వెతకడు. ఆ నంబరు గూటి దగ్గరికి నేరుగా వెళ్లి తీసిస్తాడు. ప్రోగ్రామర్లు హ్యాష్ మ్యాప్ అనేది దాదాపు ఇదే, పైథాన్ వాళ్లు డిక్షనరీ అంటారు. ఒక్కో చదివింపు చదువుతూ, దాని జోడీ గూట్లో ఉందేమో చూస్తాను. ఉంటే జవాబు దొరికింది. లేకపోతే దీన్ని గూట్లో పెట్టి ముందుకు పోతాను. పుస్తకం ఒక్కసారి తిరగేస్తే చాలు. 500 కోట్ల పని లక్షకు దిగింది.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. ముందు చూడాలా, ముందు పెట్టాలా? ముందు గూట్లో పెట్టేసి ఆ తర్వాత చూశామనుకోండి. 1,032 అడిగినప్పుడు ఉన్న ఒక్క 516కు అదే జోడీగా దొరుకుతుంది. తప్పు జవాబు. కోడ్‌లో రెండు వరసల క్రమం మారినందుకే ఇదంతా. మొదట్లో అడిగిన ఆ నాలుగో ప్రశ్న ఇప్పుడు అక్కరకొచ్చింది చూశారా? ఇంటర్వ్యూలో ఒక అభ్యర్థి ఈ మెలికను తనంతట తాను పట్టుకుని "ఆగండి సార్, ఇక్కడ క్రమం ముఖ్యం" అన్న క్షణం నాకు ఎంతో ఇష్టం. ఆ ఒక్క మాటతో ఆ మనిషితో కలిసి పనిచేయాలనిపిస్తుంది.

తర్వాత నేను అడుగుతాను. "అన్ని గూళ్లకు చోటు లేదు, అప్పుడెలా?" పుస్తకాన్ని చిన్న మొత్తం నుంచి పెద్ద మొత్తం దాకా వరసలో పేర్చి, ఒక వేలు మొదట్లో, ఒక వేలు చివర పెట్టి, కూడిక తక్కువైతే ఎడమ వేలు ముందుకు, ఎక్కువైతే కుడి వేలు వెనక్కి జరుపుకుంటూ రావచ్చు. దీనికి జవాబు రాకపోయినా ఫర్వాలేదు. "చోటు మిగుల్తుంది, కానీ పేర్చడానికి సమయం పడుతుంది" అని చెప్పగలిగితే చాలు.

ఇదంతా ఇంగ్లీషులో చెప్పాలి కదా అని తెలుగు మీడియం పిల్లలు భయపడతారు. ఎన్నో ఇంటర్వ్యూలు చేసిన మనిషిగా చెబుతున్నాను, ఇలాంటి ఇంటర్వ్యూల్లో వ్యాకరణానికి మార్కులుండవు. చిన్న వాక్యాలు చాలు. నేను ఇది చూస్తున్నాను, ఇది నెమ్మది, ఎందుకంటే ఇంత పని, ఇంకో దారి ఉంది, దానికి ఇంత చోటు కావాలి. ఈ అయిదు వాక్యాలు ఇంగ్లీషులో పలకగలిగితే ఇంటర్వ్యూ నడుస్తుంది. కానీ సాధన మాత్రం ముందు తెలుగులో చెయ్యండి. తెలుగులో తేటగా చెప్పలేని ఆలోచన ఇంగ్లీషులో అసలే తేటపడదు.

ఒకరు చూస్తుండగా ఆలోచించడం ఎంత కష్టమో అమెరికాలో పరిశోధించి చూశారు. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కలిసి 2020లో ప్రచురించిన అధ్యయనం అది. 48 మంది కంప్యూటర్ సైన్స్ విద్యార్థులను తీసుకున్నారు. కొందరికి గదిలో ఒంటరిగా బోర్డు మీద లెక్క చేసుకోమని వదిలేశారు. మిగతావాళ్లు పరీక్షించే మనిషి ఎదుట నిలబడి, మాట్లాడుతూ చెయ్యాలి. లెక్క అదే. మనిషి ఎదుట చేసినవాళ్ల ఫలితం ఒంటరిగా చేసినవాళ్లలో సగానికన్నా కిందికి పడిపోయింది. ఎదుట చేసిన ఆడపిల్లల్లో ఒక్కరూ నెగ్గలేదు, ఒంటరిగా చేసిన ఆడపిల్లలందరూ నెగ్గారు. ఆ ఆడపిల్లల సంఖ్య చిన్నదే, దాని మీద పెద్ద తీర్మానాలు చెయ్యకూడదు. కానీ ఇంటర్వ్యూ పోయి ఏడుస్తూ హాస్టల్‌కి తిరిగొచ్చిన ప్రతి అమ్మాయీ ఈ సంగతి తెలుసుకోవాలి. అమ్మా, నీకు లెక్క రాక కాదు. నిన్నెవరో చూస్తుండగా చెయ్యడం నువ్వు ఎప్పుడూ సాధన చెయ్యలేదు.

అందుకే నా మొదటి సలహా, అన్నిటికన్నా ముఖ్యమైన సలహా: మనిషి ఎదుట సాధన చెయ్యండి. రూమ్మేట్‌ను కూర్చోబెట్టుకోండి. ఒకరోజు మీరు చెప్పండి, అతను వినాలి. మర్నాడు అతను చెప్పాలి. వినేవాడు సాయం చెయ్యకూడదు, "ఎందుకు?" అని మాత్రం అడగాలి. రూమ్మేట్ లేకపోతే ఇంటికి ఫోన్ చేసి అమ్మకు చెప్పండి. చదివింపుల లెక్క అమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగారంటే మీకు అర్థమైనట్టే. వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కొడుకు చెప్పిన లెక్క విని, "అయితే ఆ మొత్తం రానేరాకపోతే ఏం చేస్తావురా?" అని అడిగిన తల్లి నాకు తెలుసు. సరిగ్గా అదే మేం అడిగే ప్రశ్న.

ఇక రాసిన కోడ్‌ను పరీక్షించుకోవడం గురించి. మన పిల్లలు కోడ్ పూర్తికాగానే "డన్ సార్" అంటారు. పూర్తయింది రాయడమే. బైనరీ సెర్చ్ సంగతి చూడండి. నిఘంటువులో మాట వెతికినట్టు, మధ్యకు తెరిచి, ముందు సగమా వెనక సగమా అని తేల్చుకుంటూ పోవడం. లక్ష మాటల్లో ఏ మాటయినా పదిహేడు సార్లు తెరిచేలోపు దొరుకుతుంది. ఇంత తేలికైనది! జాన్ బెంట్లీ అనే పెద్దాయన దీన్నే వృత్తిలో ఉన్న ప్రోగ్రామర్లకు ఇచ్చి, రెండు గంటల సమయమిచ్చి, తర్వాత ఎవరిది వాళ్లు సరిచూసుకోమంటే, వందలో తొంభై మంది తమ కోడ్‌లో తప్పు కనుక్కున్నారట. 'ప్రోగ్రామింగ్ పెర్ల్స్' పుస్తకంలో ఆయనే రాశారు.

అంతటితో అయిపోలేదు. జావా భాషతో వచ్చే లైబ్రరీలో బైనరీ సెర్చ్ రాసినవారు జాషువా బ్లాక్. 2006లో ఆయనే బయటపెట్టారు, అందులో తొమ్మిదేళ్లుగా ఒక తప్పు దాగి ఉందని. ఆ తప్పు ఏమిటంటే, మధ్య స్థానం కనుక్కోవడానికి మొదటి స్థానాన్నీ చివరి స్థానాన్నీ కూడి రెండుతో భాగించడం. బడిలో మనందరం నేర్చుకున్నదే. కానీ ఆ స్థానాల లెక్కకు జావా వాడే 'ఇంట్' రకం సంఖ్య 214,74,83,647 దాటి పట్టదు. జాబితా దాదాపు 107 కోట్లు దాటిందంటే కూడిక పొంగి, రుణ సంఖ్య అయిపోవచ్చు. కూడకుండా, రెండింటి మధ్య దూరంలో సగాన్ని మొదటి స్థానానికి కలిపితే ఆ బాధ లేదు. బెంట్లీ పుస్తకంలోని కోడ్‌లోనూ అదే తప్పు ఉంది. అంత పెద్దవాళ్లకే తప్పింది కాదు. కాబట్టి రాయగానే ఆగండి. ఖాళీ జాబితా, ఒక్కటే ఉన్న జాబితా, అన్నీ ఒకటే అయిన జాబితా, జవాబు లేని జాబితా, ఈ నాలుగింటినీ మీ కోడ్ మీద వేలుపెట్టి వరస వరసా నడిపించండి. బయటికి చెబుతూనే. ఆ రెండు నిమిషాల్లో మీరే తప్పు పట్టుకుని దిద్దుకుంటే, అసలు తప్పే చెయ్యనివాడి కన్నా మీ మీద నాకు గురి ఎక్కువ కలుగుతుంది.

ఏమేం చదవాలి అంటే, ఆ జాబితా మీకు ఎక్కడైనా దొరుకుతుంది. అర్రేలు, స్ట్రింగులు, హ్యాషింగ్, స్టాకులు, క్యూలు, రికర్షన్, చెట్లు, గ్రాఫులు, చివర్న డైనమిక్ ప్రోగ్రామింగ్. దీన్ని చివర్నే పెట్టండి. మొదటి నెలలోనే దాంట్లో దిగి బెదిరిపోయి మానేసినవాళ్లను చూశాను. లెక్కల సంఖ్య లెక్కపెట్టుకోవడం మానండి. ఒక నూటయాభై బాగా చేస్తే నా దృష్టిలో చాలు. ఒక లెక్కతో ముప్పావు గంట కుస్తీ పట్టాకే జవాబు చూడండి. చూశాక మూసేసి, మర్నాడు ఖాళీ పేజీ మీద మీరే రాయండి. వారం తర్వాత మళ్లీ ఒకసారి. నోట్‌బుక్‌లో జవాబు రాసుకోకండి. ఎక్కడ ఆగిపోయారో, ఏ ఆలోచన తట్టక ఆగిపోయారో అది రాసుకోండి. నాలుగు నెలల తర్వాత ఆ నోట్‌బుక్ కన్నా విలువైన పుస్తకం మీ దగ్గర ఉండదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. కెమెరా వెనక ఇంకొకరిని కూర్చోబెట్టి జవాబులు అందుకోవడం, డబ్బిచ్చి తమ బదులు వేరేవాళ్లతో ఇంటర్వ్యూ ఇప్పించడం, చెయ్యని ఉద్యోగాన్ని చేసినట్టు కాయితాలు పుట్టించడం జరుగుతున్నాయి. ఇప్పుడు తెర పక్కనే కృత్రిమ మేధను తెరిచి పెట్టుకుని చదివి చెప్పేవాళ్లూ ఉన్నారు. అది తెలిసిపోతుంది. కళ్లు వరసగా ఎడమ నుంచి కుడికి కదులుతుంటాయి. జవాబు చక్కగా ఉంటుంది, "ఇలా ఎందుకు?" అని అడిగితే గొంతు ఆగిపోతుంది. అందుకే కొన్ని కంపెనీలు అభ్యర్థులను మళ్లీ ఆఫీసుకు పిలిచి ఎదురుగా కూర్చోబెడుతున్నాయి. ఒకవేళ పట్టుబడకుండా ఉద్యోగం వచ్చిందే అనుకోండి, మొదటి వారంలోనే పని బయటపెడుతుంది. నష్టపోయేది ఆ ఒక్కడే అయితే ఇంత చెప్పను. ఆ కాలేజీ నుంచి, ఆ ఊరి నుంచి తర్వాత వచ్చే నిజాయితీ గల పిల్లవాణ్ణి కూడా అనుమానంతో చూస్తారు. కష్టపడి చదువుకున్న రైతుబిడ్డ అవకాశాన్ని ఇది తినేస్తుంది. ఈ పనికి డబ్బు కట్టమని మీ పిల్లలు అడిగితే దయచేసి కట్టకండి.

నిజాయితీగా ఇంత సాధన చేసినా ఒక్కోసారి ఉద్యోగం రాదు. హోమ్‌బ్రూ అనే ఉపకరణాన్ని లోకమంతా ప్రోగ్రామర్లు వాడతారు. దాన్ని తయారుచేసిన మాక్స్ హోవెల్ 2015లో తనను గూగుల్ ఇంటర్వ్యూలో తీసుకోలేదని బహిరంగంగానే చెప్పారు. ఒక బైనరీ చెట్టును కుడి ఎడమలు తిప్పి రాయలేకపోవడమే కారణమన్నట్టు అప్పుడు చెప్పారు. నలభై అయిదు నిమిషాల కొలబద్దకు మనిషంతా అందడు. బల్లకు అటువైపు కూర్చునే మాకూ పొరపాట్లుంటాయి, నేనూ చేసి ఉంటాను. సాధారణంగా ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ అవకాశమిస్తారు. ఇంటర్వ్యూ అయిన రోజు సాయంత్రమే ప్రశ్న ఏమిటో, మీరెక్కడ తడబడ్డారో రాసి పెట్టుకోండి.

మొదట చెప్పిన పల్నాడు కుర్రాడు ఏడు నెలల తర్వాత మళ్లీ వచ్చాడు. ఈసారి ఇంటర్వ్యూ చేసింది నేను కాదు, నా పక్క సీటు ఆవిడ. లెక్క సగంలో ఉండగా దారి తప్పాడట. కానీ తప్పుతున్నానని తనే చెప్పాడట, ఎందుకు తప్పిందో కూడా చెప్పి వెనక్కి వచ్చాడట. ఆవిడ తన నివేదికలో మొదటి వాక్యంగా అదే రాసింది. ఇప్పుడు అతను మా పై అంతస్తులో పనిచేస్తున్నాడు.

వింటున్న తల్లిదండ్రులకు ఒక విన్నపం. రాత్రి పూట గదిలోంచి మీ అబ్బాయో అమ్మాయో ఒక్కరే మాట్లాడుకుంటున్నట్టు వినిపిస్తే కంగారుపడి తలుపు తట్టకండి, నవ్వకండి. వీలైతే లోపలికి వెళ్లి ఎదురుగా ఒక పది నిమిషాలు కూర్చోండి. వాళ్లు చెప్పేది మీకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, వినండి. మధ్యలో ఒక్కసారి "ఎందుకు?" అని అడగండి.